మోటారు ఇంజనులో తడబాటు — కారణాన్వేషణ పద్ధతి

ఉపోద్ఘాతము

పలాస, టెక్కలి, ఉద్దానము తీరప్రాంతములలో కారు విలాసవస్తువు కాదు. అది జీవనాధారము. కొబ్బరితోటల నడుమనున్న గ్రామములనుండి కాశీబుగ్గ బజారుకు, బారువ, నువ్వలరేవు, భావనపాడు తీరములనుండి రైల్వేస్టేషనుకు, ఆసుపత్రికి జనులను చేర్చునవి అద్దె కార్లు, జీపులు, ఆటోలే. ఉద్దానమును పీడించుచున్న మూత్రపిండ వ్యాధిని గూర్చి తెలియనివారు మన జిల్లాలో లేరు. 2023 డిసెంబరులో పలాసయందు కిడ్నీ పరిశోధనా కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. డయాలసిస్ అవసరమైన రోగి సామాన్యముగా వారమునకు రెండు మూడు పర్యాయములు ప్రయాణము చేయవలెను. అట్టివానికి బండి నమ్మకముగా నడచుట ఔషధముతో సమానము.

ఇట్టి బండి జాతీయ రహదారిపై, అనగా పూర్వము ఐదవ నంబరుగా నుండి నేడు పదునారవ నంబరుగా పిలువబడు దారిపై, టెక్కలి గ్రానైటు రాళ్లను మోయు లారీని దాటబోవుచున్నదనుకొందము. డ్రైవరు ఆక్సిలరేటరును నొక్కెను. ఇంజను ఒక్కక్షణము ఊపిరి బిగబట్టినట్లు ఆగి, తరువాత అందుకొన్నది. ఆ ఒక్క క్షణములోనే వెనుకనుండి బస్సు దూసికొని రావచ్చును. ముందున్న దారి మూసికొనిపోవచ్చును. కనుక ఈ దోషమును చిన్నదిగా భావింపరాదు. దీని స్వరూపమేమి, కారణములేవి, వానిని కనుగొను క్రమమేది యను విషయములను ఈ వ్యాసమున సంగ్రహముగా వివరింపనెంచితిమి. మేము భాషాధ్యాపకులమేకాని యంత్రశాస్త్ర నిపుణులము కాము. ఐనను కార్యమునుండి కారణమును ఊహించు విద్య అన్ని శాస్త్రములకు సాధారణమైనది గనుక ఈ సాహసమునకు పూనుకొంటిమి.

వ్యాధికి పేరు పెట్టుట

వైద్యుడు ముందుగా రోగి మాటను వినును. బండి విషయములోను అంతే. మన ప్రాంతమున “పికప్పు లేదు”, “మిస్సు కొడుతోంది”, “జర్కు ఇస్తోంది”, “బండి లాగడం లేదు” అని నాలుగు విధములుగా చెప్పుదురు. ఈ నాలుగును ఒకటి కావు.

ఆక్సిలరేటరు నొక్కిన వెంటనే ఇంజను క్షణకాలము స్పందింపక, పిమ్మట అందుకొనుట తడబాటు. ఒకటి లేక రెండు సిలిండర్లలో మంట సరిగా అంటుకొనక లయ తప్పుట మిస్సు. బండి ముందుకు వెనుకకు కుదిపినట్లగుట జర్కు. ఎంత నొక్కినను, ఎంతసేపు నొక్కినను బలము రాకపోవుట లాగకపోవుట. వీనికి తోడు ఐదవది యొకటి కలదు. ఇంజను శబ్దము పెరుగును కాని బండి వేగము పెరుగదు. అది ఇంజను దోషము కాదు. క్లచ్చి జారుచున్నదని అర్థము. ఈ భేదమును గుర్తింపక ఇంజనును విప్పినచో, కాలు నొప్పికి కంటివైద్యము చేసినట్లగును.

మూలసూత్రము

ఈ పనిముట్టు చరిత్ర చాల పురాతనమైనది. 1206లో అల్ జజరీ యను యంత్రశిల్పి తన గ్రంథమును ముగించెను. అందు రెండు సిలిండర్లతో, పిస్టన్లతో, ఒకవైపే తెరచుకొను కవాటములతో నీటిని పీల్చి పైకి నెట్టు పంపు వర్ణింపబడినది. 1876లో జర్మనీయందు నికొలస్ ఆటో నాలుగు స్ట్రోకుల ఇంజనును నడిపించెను. 1886లో కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు పొందెను. పీల్చుట, నొక్కుట, మండించుట, వెలికి నెట్టుట అను ఆ నాలుగు క్రియలే నేటి పెట్రోలు కారులోను జరుగుచున్నవి.

పెట్రోలు సంపూర్ణముగా మండుటకు ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్ల గాలి తూకములో కావలెను. ఆక్సిలరేటరు నొక్కినపుడు మనము నిజమునకు పెట్రోలును పోయుట లేదు. గాలికి తలుపు తెరచుచున్నాము. తలుపు ఒక్కసారిగా తెరచుకొనగానే తేలికయైన గాలి తక్షణమే లోనికి దూకును. బరువైన పెట్రోలు అంత త్వరగా రాజాలదు. పైగా దానిలో కొంతభాగము గొట్టము గోడలకు తడిగా అంటుకొనిపోవును. కావున ఆ క్షణమున మిశ్రమము పలుచబడును. పలుచని మిశ్రమము సరిగా అంటుకొనదు. ఇదియే తడబాటునకు స్వాభావికమైన మూలము.

ఈ లోపమును పూరించుటకే యంత్రనిర్మాతలు ఉపాయములు కల్పించిరి. కార్బొరేటరు గల పాత బండ్లలో ఆక్సిలరేటరు పంపు యను చిన్న పిచికారీ యుండెడిది. నొక్కిన వెంటనే అది అదనముగా ఒక ధార పెట్రోలును చిమ్మెడిది. 1967లో బాష్ కంపెనీవారి ఎలక్ట్రానిక్ ఇంజెక్షను ఫోక్స్‌వాగన్ కార్లలో ప్రవేశించెను. మన దేశమున అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని, 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 మొదలైనవి బహుకాలము కార్బొరేటరుతోనే నడచినవి. 2000 సంవత్సరము తరువాత కాలుష్య నియమములు కఠినమగుటచే ఇంజెక్షను పద్ధతి పెట్రోలు కార్లలో సర్వసాధారణమయ్యెను. ఈ పద్ధతిలో తలుపు ఎంత తెరచుకొన్నదో, గొట్టములో గాలి పీడనమెంతయో సెన్సార్లు కంప్యూటరునకు తెలుపును. అది ఇంజెక్టర్లను మరికొంతసేపు తెరచియుంచి పెట్రోలును పెంచును. సాధనము మారినది, ప్రయోజనము మారలేదు.

ఇక రెండవ సూత్రము నిప్పురవ్వకు సంబంధించినది. కాయిలు పన్నెండు వోల్టుల బ్యాటరీ శక్తిని పదివేల వోల్టులకు మించి పెంచి ప్లగ్గునకు పంపును. సిలిండరులో మిశ్రమము ఎంత ఒత్తిడిగా నిండినచో, రవ్వ దూకుటకు అంత ఎక్కువ వోల్టేజి కావలెను. కావున బలహీనమైన ప్లగ్గు, చిట్లిన ప్లగ్ వైరు ఊరక నిలచియున్న బండిలో దోషము చూపకపోవచ్చును. బరువు పడినపుడే, అనగా పై గేరులో నొక్కినపుడే బయటపడును. షెడ్డులో బాగుగా నున్న బండి దారిలో తడబడుటకు ఇది ముఖ్యకారణము.

కారణముల వర్గీకరణము

గాలి, పెట్రోలు, రవ్వ, పొగ పోవు దారి, శరీరబలము అని కారణములను ఐదు వర్గములుగా చేయవచ్చును.

మొదటిది గాలి. ఎయిర్ ఫిల్టరు మూసికొనిపోవుట, గొట్టములకు పగుళ్లు పడి లెక్కకు రాని గాలి లోనికి చొరబడుట, త్రాటిల్ బాడీలో మసి పేరుకొనుట ఇందలివి. టెక్కలి క్వారీల దారులలో తిరుగు బండికి రాతిపొడి, తీరపు దారులలో తిరుగు బండికి ఇసుక అధికము. కంపెనీ పుస్తకములో వ్రాసిన గడువు అట్టి బండ్లకు చాలదు. ఫిల్టరును ముందుగానే చూడవలెను.

రెండవది పెట్రోలు. ఫిల్టరు మూసికొనుట, పంపు అలసిపోవుట, ఇంజెక్టర్ల రంధ్రములు పూడుట, ట్యాంకులో నీరు చేరుట ఇందలివి. 2023 ఫిబ్రవరినుండి మన దేశమున 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు విక్రయము మొదలైనది. ఇథనాలు నీటిని ఆకర్షించును. లీటరుకు దానిలోని శక్తి పెట్రోలు శక్తిలో సుమారు మూడింట రెండువంతులు మాత్రమే. పాత బండ్ల రబ్బరు భాగములలో కొన్నిటికి అది సరిపడదు. తేమగల తీరప్రాంతమున సగము ఖాళీ ట్యాంకుతో నెలల తరబడి నిలిపియుంచిన పాత బండిని నడపుటకు ముందు ఈ సంగతి స్మరింపవలెను.

మూడవది రవ్వ. ప్లగ్గుల అరుగుదల, వైర్ల చిట్లు, కాయిలు దోషము, పాత బండ్లలో కాంటాక్టు పాయింట్లు, డిస్ట్రిబ్యూటరు మూత ఇందలివి. ఉప్పుగాలి లోహములను తినివేయును. ఇంజనునుండి బాడీకి, బాడీనుండి బ్యాటరీకి పోవు ఎర్తు తీగ మొదలు పచ్చని చిలుము పట్టి తెగు స్థితిలో నుండుట తీరపు బండ్లలో సామాన్యము. ఎర్తు చెడినచో ఏ సెన్సారు మాటయు నిజము కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినది. అట్టి తుఫానుల వేళ నీట నానిన బండ్లలో వైర్ల జాయింట్లను విప్పి, ఆరబెట్టి, శుభ్రము చేయవలెను. లేనిచో నెలలు గడచిన తరువాతకూడ దోషము బయటపడవచ్చును.

నాలుగవది పొగ పోవు దారి. సైలెన్సరుకు ముందుండు క్యాటలిటిక్ కన్వర్టరు పూడినచో, ఊపిరి విడువలేనివాడు ఊపిరి పీల్చలేనట్లు, ఇంజను కొత్తగాలిని తీసికొనలేదు. ఐదవది శరీరబలము. వాల్వులు, పిస్టను రింగులు అరిగి కంప్రెషను తగ్గుట ఇందలిది. ఇది చివరగా చూడవలసినది. ఏలయన విప్పుట ఖర్చుతో కూడిన పని.

డీజిలు బండ్లలో రవ్వ లేదు గనుక మూడవ వర్గము వర్తింపదు. వానిలో డీజిలు ఫిల్టరులో నీరు, గాలి చొరబడిన పైపులు, టర్బో గొట్టము పగులుట ముఖ్యములు. నొక్కినపుడు దట్టమైన నల్లపొగతోపాటు బలము తగ్గినచో ముందు గాలి దారిని పరీక్షింపవలెను.

అన్వయ వ్యతిరేకములు

మన తర్కశాస్త్రమున అన్వయము, వ్యతిరేకము అని రెండు మాటలు కలవు. కారణమున్నచోట కార్యముండుట అన్వయము. కారణము లేనిచోట కార్యము లేకుండుట వ్యతిరేకము. ఈ రెండును కుదిరినపుడే ఇది దీనికి కారణమని నిశ్చయింపవచ్చును. కొండపై పొగను చూచి నిప్పును ఊహించు నైయాయికుని మార్గమే, పొగగొట్టమున పొగను చూచి దోషమును ఊహించు మెకానిక్కు మార్గము.

కావున పనిముట్టు చేతబట్టుటకు ముందు ప్రశ్నలు వేయవలెను. దోషము చల్లని ఇంజనులోనా, వేడెక్కిన పిమ్మటనా? కొద్దిగా నొక్కినపుడా, పూర్తిగా నొక్కినపుడా? అన్ని గేర్లలోనా, పై గేర్లలోనే యా? వాన కురిసిన తరువాతనా? పెట్రోలు పోయించిన తరువాతనా? ఈమధ్య ఎవరైన ఏదైన విప్పిరా? నొక్కిన మొదటి క్షణముననే తడబడి తరువాత బాగుగా పోవుచున్నచో ఆక్సిలరేటరు పంపును, త్రాటిల్ సెన్సారును, గాలి చొరబాటును అనుమానింపవలెను. ఎంతసేపు నొక్కియుంచిన అంత నీరసించుచున్నచో పెట్రోలు సరఫరాను, పూడిన కన్వర్టరును అనుమానింపవలెను. తేమ వేళలలో మాత్రమే యైనచో రవ్వను అనుమానింపవలెను.

పరీక్షాక్రమము

ఖర్చు లేనిది ముందు, ఖర్చుగలది తరువాత అనునదే సూత్రము.

మొదట కంటితో చూడవలెను. ఎయిర్ ఫిల్టరును తీసి వెలుతురునకు పట్టి చూడవలెను. రబ్బరు గొట్టములను వ్రేళ్లతో వంచి పగుళ్లను వెదకవలెను. బ్యాటరీ, ఎర్తు బిగింపులను శుభ్రము చేయవలెను.

రెండవది ప్లగ్గుల పరీక్ష. లేత గోధుమరంగు ఆరోగ్యచిహ్నము. పొడి నల్లమసి పెట్రోలు అధికమనియు, తెల్లబారుట మిశ్రమము పలుచబడినదనియు, జిడ్డునూనె రింగులు లేక వాల్వు సీళ్లు అరిగినవనియు తెలుపును. నాలుగు ప్లగ్గులలో ఒకటి మాత్రమే భిన్నముగా నున్నచో దోషము ఆ సిలిండరుకు చెందినదే. నాలుగును ఒకే తీరుగా చెడినచో దోషము అందరికి ఉమ్మడియైన చోట, అనగా గాలిదారిలోనో, పెట్రోలు సరఫరాలోనో కలదు.

మూడవది స్కానరు. మీటర్ల నడుమ చెక్ ఇంజన్ లైటు వెలిగినచో స్కానరు పెట్టి కోడును చదువవలెను. అయితే కోడు తీర్పు కాదు, సాక్ష్యము మాత్రమే. ఉదాహరణకు పి 0171 యను కోడు మిశ్రమము పలుచగా నున్నదని చెప్పును. ఆక్సిజన్ సెన్సారు చెడినదని అది చెప్పలేదు. గొట్టము పగిలినను, పంపు బలహీనమైనను అదే కోడు రావచ్చును. నిజము చెప్పిన సాక్షిని దోషిగా భావించి సెన్సారును మార్చువారు కలరు. దానివలన యజమాని ధనము వ్యర్థమగును, దోషము నిలచియుండును.

నాలుగవది స్థానము మార్చి చూచుట. అనుమానమున్న కాయిలును లేక ప్లగ్గును పక్క సిలిండరుకు మార్చవలెను. మిస్సుకూడ దానివెంట పోయినచో దోషి దొరికినట్లే. పోనిచో ఆ వస్తువు నిర్దోషి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఐదవది కొలత. పెట్రోలు పీడనమును గేజీతో, అదియు బరువు పడినపుడు, కొలువవలెను. కార్బొరేటరు బండిలో ఇంజను ఆపి, ఎయిర్ క్లీనరు తీసి, త్రాటిల్‌ను తెరచినపుడు పెట్రోలు ధార చిమ్ముచున్నదో లేదో కంటితో చూచిన చాలును. చిమ్మనిచో ఆక్సిలరేటరు పంపు డయాఫ్రమ్ చిరిగినదో, జెట్టు పూడినదో యగును.

ఒక ఉదాహరణము

వజ్రపుకొత్తూరు వైపునుండి ప్రతిదినము తెల్లవారుజామున రోగులను పలాసకు చేర్చు ఒక పాత పెట్రోలు కారును ఊహింతము. అది ప్లగ్ వైర్లు గల ఇంజెక్షను బండి. ఉదయము నాలుగవ గేరులో నొక్కగానే తడబడి కుదుపును. మధ్యాహ్నము తిరుగు ప్రయాణమున, అదే దారిలో, అదే బరువుతో దోషమే కానరాదు. యజమాని పెట్రోలు మంచిది కాదనును. పక్కవాడు పంపు మార్చుమనును.

విచారింతము. పెట్రోలు ఫిల్టరు పూడినచో మధ్యాహ్నమునను పూడియే యుండవలెను. ఎయిర్ ఫిల్టరు విషయమును అట్టిదే. త్రాటిల్ సెన్సారు చెడినచో చిన్న గేరులోను, ఎండలోను బాధింపవలెను. ఉదయమున్నది, మధ్యాహ్నము లేనిది యేది? సముద్రపు తేమ. పై గేరులో నొక్కినపుడు అధికమగునది యేది? రవ్వకు కావలసిన వోల్టేజి. ఈ రెండును కలియు చోటు ప్లగ్ వైరు ఒక్కటే. తేమ పట్టిన చిట్లులగుండా విద్యుత్తు ప్లగ్గునకు పోక ఇంజను లోహమునకు దూకుచున్నదని ఊహింపవచ్చును.

ఊహను పరీక్షింపవలెను. చీకటి పడిన తరువాత బానెటు ఎత్తి, ఇంజను నడపి, దేనిని తాకకుండ దూరమునుండి వైర్లపై సన్నని నీటితుంపర చల్లినచో, రెండవ సిలిండరు వైరునుండి నీలిరవ్వ పక్కకు దూకుట కనిపించును. ఇంజను ఆపి ఆ వైరును వేరొక సిలిండరుకు మార్చినచో మిస్సు దానివెంట పోవును. ఇది అన్వయము. కొత్త వైర్లు అమర్చి, ప్లగ్గుల గ్యాపును సరిచేసి, మరునాడు అదే తెల్లవారుజామున, అదే దారిలో, అదే గేరులో నడపినచో తడబాటు కానరాదు. ఇది వ్యతిరేకము. మధ్యాహ్నము ఎండలో నడపి చూచి “బాగుపడినది” అనుట పరీక్ష కాదు. ఏ పరిస్థితిలో వ్యాధి కనిపించెనో ఆ పరిస్థితిలోనే ఆరోగ్యము నిరూపింపబడవలెను. పంపు ఖరీదుతో పోల్చిన వైర్ల ఖరీదు స్వల్పము.

జాగ్రత్తలు

పెట్రోలు పైపు విప్పునపుడు బీడీ, దీపము, నిప్పు సమీపమున నుండరాదు. ఇంజెక్షను బండిలో పైపునందు ఒత్తిడి నిలచియుండును. దానిని తగ్గించియే విప్పవలెను. నడచుచున్న ఇంజను ప్లగ్ వైర్లను తాకరాదు. వదులైన కండువా, లుంగీ, చున్నీ ఫ్యాను దాపునకు పోనీయరాదు. మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు; వాసన లేని కార్బన్ మోనాక్సైడు ప్రాణమును తీయును. జాకీపై మాత్రమే నిలిపిన బండి క్రిందికి దూరరాదు. చెక్ ఇంజన్ లైటు ఆగి ఆగి వెలుగుచున్నచో మండని పెట్రోలు కన్వర్టరులోనికి పోయి దానిని అతిగా వేడెక్కించుచున్నదని భావించి, వేగము తగ్గించి, వీలైనంత త్వరగా బండిని చూపవలెను. దోషము తీరువరకు రహదారిపై లారీలను దాటు ప్రయత్నము మానవలెను.

ముగింపు

షెడ్డులో పెద్ద పనివానిని కొందరు మేస్త్రి యందురు. కొందరు ఉస్తాద్ అందురు. మొదటిది పోర్చుగీసు భాషనుండి, రెండవది పారసీకమునుండి ఉర్దూ ద్వారా మనకు వచ్చినవి. రెండు మాటలకును గురువు అనియే అర్థము. ఈ పేరు వ్యర్థము కాదు. పాఠశాల మధ్యలో విడిచి షెడ్డులో చేరిన బాలురు అన్వయ వ్యతిరేకములను ఆ మాటలు తెలియకయే అభ్యసించుచున్నారు. కళాశాలలో ఆ మాటలను నేర్చిన విద్యార్థులు వానిని ఆచరణలో చూడదలచినచో కాశీబుగ్గ, టెక్కలి షెడ్లకు పోవలెను.

మరియొక విన్నపము. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో మాండలిక వృత్తి పదకోశము మొదటి సంపుటము వ్యవసాయ పదములతో వెలువడినది. తరువాత చేనేత పదములకును సంపుటము వచ్చినది. మెకానిక్కుల మాటలకుకూడ అట్టి సేకరణ అవసరము. “పికప్పు”, “మిస్సు”, “జర్కు” అను మాటలను ఎవరు ఏ అర్థమున వాడుచున్నారో మన విద్యార్థులు వ్రాసికొని వచ్చినచో భాషకును మేలు, బండికిని మేలు. యజమాని చెప్పినది మెకానిక్కునకు సరిగా అర్థమైననాడు సగము మరమ్మత్తు పూర్తియైనట్లే. తెల్లవారుజామున ఆసుపత్రికి బయలుదేరిన రోగి సకాలమున చేరుట ఆ సగముపైన ఆధారపడియున్నదని గ్రహింప ప్రార్థన.